పక్కన కూర్చున్న నకిలీ

(రాజమహేంద్రవరంలో పాత నాణేల ప్రదర్శన చివరి రోజు సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడ కాస్త సర్ది రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా అండీ? సరే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఈ రెండు రూపాయి నాణేలు ముందు వరసలోంచి వెనక్కి పంపిస్తున్నాను. రెండూ 1918 నాటి వెండి రూపాయలు, ఐదో జార్జి బొమ్మ ఉన్నవి. ఒకటి అసలు, ఒకటి నకిలీ. చేత్తో పట్టుకోండి, తిప్పి చూడండి, కావాలంటే కుర్చీ చేతి మీద మోగించండి. నా మాటలు అయ్యేలోపు ఏది నకిలీయో మీరే తేల్చాలి. కొరికి మాత్రం చూడకండి. ఒకరి నోట్లోంచి వచ్చింది పక్కవాళ్ళ చేతిలో పెట్టడం బాగోదు. (నవ్వులు)

పొద్దున స్టేషన్ నుంచి ఆటోలో వచ్చాను. డెబ్బై రూపాయలన్నాడు. ఒక యాభై నోటు, రెండు పది రూపాయల బిళ్ళలు ఇచ్చాను. నోటు జేబులో పెట్టుకుని బిళ్ళలు తిరిగి నా చేతిలోనే పెట్టాడు. "ఇవి నడవట్లేదు సార్" అన్నాడు. ఎందుకు నడవవయ్యా, ఇదిగో తేదీ పక్కన నక్షత్రం గుర్తు, మన చర్లపల్లి మింట్‌లో వేసిందే కదా అన్నాను. "మీరన్నది కరెక్టే సార్. కానీ నేనిస్తే కిరాణా కొట్టువాడు తీసుకోడు" అన్నాడు.

ఈ గొడవ మనకి కొత్త కాదు. రూపాయి గుర్తు ఉన్నదే అసలు, లేనిది దొంగది అని ఒకరు. పది గీతలున్నది చెల్లుతుంది, పదిహేను గీతలున్నది చెల్లదు అని ఇంకొకరు. రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇచ్చి, పది రూపాయల నాణెం అప్పటికి 14 డిజైన్లలో వచ్చిందనీ, అన్నీ చెల్లుతాయనీ చెప్పింది. చెబితే ఏమైంది? నా బిళ్ళలు నా జేబులోనే ఉన్నాయి.

ఆటో అతను నా బిళ్ళ నకిలీ అనలేదు, గమనించారా? అది అసలో నకిలీయో అతనికి అనవసరం. తన దగ్గర తీసుకోవాల్సినవాడు అనుమానపడతాడేమోనని ఇతని అనుమానం. నాణెంలో లోపమేమీ లేదు. దాని పక్కన నకిలీ ఉందన్న మాట చాలింది.

పాత నాణేలలోనూ జరిగేది ఇదే. కాకపోతే అక్కడ పక్కన నకిలీ నిజంగానే ఉంటుంది.

మనలాంటివాళ్ళం కొనే నాణేనికి ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? అందులోని లోహం కొంత. ఎన్ని మిగిలాయన్నది కొంత. ఎంత శుభ్రంగా ఉందన్నది కొంత. ఇవన్నీ కాటలాగుల్లో ఉంటాయి. కాటలాగులో ఉండనిది ఒకటుంది, అది నిజమైనదే అన్న నమ్మకం. మన భాషలో నాణెం అన్న మాటకీ నాణ్యం అన్న మాటకీ దగ్గరి చుట్టరికం. నిఘంటువులో వెతికితే రెండూ ఒకే చోట దొరుకుతాయి. నమ్మకం పోయిన నాణెంలో మిగిలేది తూకమే.

ఆరో జార్జి రూపాయి సంగతి చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే. దెబ్బ తిన్నదీ అక్కడే.

1938లో బొంబాయి టంకశాల వేసిన రూపాయలు బోలెడున్నాయి. ఇవాళ బయట స్టాళ్ళలో కూడా గిన్నెల్లో పోసి పెట్టారు. 1939 రూపాయలు మాత్రం చాలా తక్కువగా దొరుకుతాయి. యుద్ధం వచ్చింది, వెండికి కటకట మొదలైంది, 1940 నుంచి రూపాయిలో వెండిని పన్నెండింట పదకొండు వంతుల నుంచి సగానికి దించేశారు. అంటే మేలు వెండితో వచ్చిన ఆఖరి రూపాయి 1939ది. 38కీ 39కీ బొమ్మ ఒకటే, తూకం ఒకటే, సరిగ్గా ఒక పాత తులం, 11.66 గ్రాములు. వెండి ఒకటే, అంచు గీతలు ఒకటే. తేడా ఒక్క అంకె. ఎనిమిది ఉంటే దాదాపు వెండి ధర. తొమ్మిది ఉంటే దానికి ఎన్నో రెట్లు.

ఇలాంటి చోట దొంగకి పని చాలా తేలిక కదండీ. అంకె ఒక్కటి మారిస్తే చాలు. 1938 రూపాయి తీసుకుని, సన్నటి ఉలితో ఎనిమిదికి కింది సున్నాలో ఎడమ పక్క చెక్కేస్తాడు. ఇప్పుడు మీరు తూస్తారు, సరిపోతుంది. గీటురాయి మీద గీస్తారు, మేలు వెండే. మోగిస్తారు, ఖంగుమంటుంది. ఎందుకు మోగదు, అది అసలు రూపాయే కదా! అబద్ధం ఆ ఒక్క అంకెలోనే ఉంది. పది రెట్ల లెన్సు పెట్టి, ఆ తొమ్మిది చుట్టూ ఉన్న నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, మిగతా నేలలాగే ఉందా, అక్కడ మాత్రం రాపిడి మెరుపుందా అని చూస్తే తప్ప తెలియదు. రెండో రకం పోత నాణేలు. అసలు 1939 రూపాయి ఒకటి సంపాదించి, దాని మీంచి అచ్చు తీసి, లోహం కరిగించి పోసినవి. వీటిలో అంకె బాగానే ఉంటుంది, మిగతావన్నీ తేడా.

నాకు తగిలింది ఈ రెండో రకం. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఒక ఆదివారం సంత, ఊరు పేరూ మనిషి పేరూ వద్దు. గోనెపట్టా మీద తాళాలు, ఇత్తడి మరచెంబులు, పాత వాచీలు, వాటి మధ్య నాణేల పళ్ళెం. దాంట్లో 1939. గుండె దడదడలాడింది. అమ్మేవాడికి దాని సంగతి తెలియదనుకున్నాను. తెలియనట్టు నటించడం అతనికి నా కంటే బాగా వచ్చని తర్వాత తెలిసింది. (నవ్వులు) నా నెల జీతంలో నాలుగో వంతు ఇచ్చి కొన్నాను. ఇంట్లో చెప్పలేదు.

రెండు రోజులు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. మూడో రోజు మా వీధి కంసాలి నాగలింగం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని కాటాలో వెయ్యనైనా వెయ్యలేదు. బొటనవేలి గోరు మీద నిలబెట్టి, ఇంకో నాణెంతో చిన్నగా తట్టాడు. టప్ మంది. "మాస్టారూ, ఇది దగ్గుతోందండీ, పాడట్లేదు" అన్నాడు. తర్వాత తూశాడు. 11 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. లెన్సులో చూస్తే రాజుగారి చెంప మీద సూదిమొన అంత గుంటలు, పోత పోసినప్పుడు గాలి బుడగలు పేలిన గుర్తులు.

ఆ నాణెం పారెయ్యలేదు. పారేస్తే ఎవరో ఏరుకుని మళ్ళీ అమ్ముతారని నా భయం. దాని మీద ఒక గీత ఉంది, రాజు చెవి కింద నుంచి మెడ దాకా వంకరగా, కొడవలి ఆకారంలో. దాన్ని చూసి చూసి ఆ గీత నాకు నా అరచేతి గీతలాగా గుర్తుండిపోయింది. నాలుగైదేళ్ళ తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో ఆల్బం తిరగేస్తున్నాను. ఆయన ఎంతో మురిపెంగా చివరి పేజీ తీసి, చూడండి నా 1939 అన్నాడు. చూశాను. చెవి కింద అదే కొడవలి. అదే వంకర, అదే చోట ఆగింది.

రెండు అసలు నాణేలు ఒకే అచ్చు నుంచి వచ్చినా, జనం చేతుల్లో పడ్డాక దేని దెబ్బలు దానివే. ఒకటి పెట్టెలో పడి గీసుకుంటుంది, ఇంకొకటి మొలతాడుకి వేలాడి అరుగుతుంది. ఒకే గాయం ఇద్దరికి ఒకే చోట తగిలిందంటే, ఆ గాయం తగిలింది వాళ్ళిద్దరికీ కాదు, వాళ్ళని పుట్టించిన మూడో నాణేనికి. అసలు నాణెం ఎక్కడో ఉంది, దాని మచ్చతో సహా పిల్లల్ని కంటోంది.

ఆయనకి చెప్పాలా వద్దా అని ఆ పూటంతా టెన్షన్. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "దీంతో నాకు పేచీ లేదండీ, డబ్బు పోతే పోయింది. మిగతా పేజీలు చూడబుద్ధి కావట్లేదు." మిగతా పేజీల్లో ఉన్నవన్నీ అసలువే, నేను చూశాను. అయినా ఆ రాత్రికి వాటన్నిటి విలువా ఆయన కళ్ళలో తగ్గిపోయింది.

ఇప్పుడు దీన్ని లెక్కలో పెడదాం. అసలైతే 100 రూపాయలు చేసే నాణెం అనుకోండి. బల్ల మీద పది ఉన్నాయి, వాటిలో మూడు నకిలీవని అందరికీ తెలుసు, ఏ మూడో ఎవరికీ తెలియదు. తెలివైన కొనేవాడు ఎంతిస్తాడు? 70. భయానికి ఇంకో పది తీసేసి 60 అంటాడు. తనది అసలేనని గట్టిగా తెలిసినవాడు ఏమంటాడు? 60కి నేనివ్వను అని నాణెం తీసుకుని ఇంటికి పోతాడు. అలా ముగ్గురు పోతే బల్ల మీద ఏడు మిగిలాయి, అందులో మూడు నకిలీవి. ఇప్పుడు 60 కూడా ఎక్కువే. ధర ఇంకా దిగుతుంది, ఇంకో అసలు నాణెం లేచిపోతుంది. చివరికి బల్ల మీద ఎవరు మిగులుతారో మీకు తెలుసు. అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి ఇలాంటి లెక్కే రాశాడు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. హైదరాబాదులో మన కోటీ సెకండ్‌హ్యాండ్ బజారులో బేరమాడే ఎవరికైనా ఈ లెక్క నోబెల్ లేకుండానే వచ్చు.

ఇందులో నష్టపోయింది ఎవరు? నకిలీ కొన్న నేను నష్టపోయాను, నిజమే. కానీ నాది నా అత్యాశకి పడ్డ జరిమానా. ఏ తప్పూ చెయ్యకుండా నష్టపోయేది వేరేవాళ్ళు.

ఒకసారి తెలిసిన డీలర్ కొట్టులో కూర్చున్నాను. కోనసీమ వైపు నుంచి ఒకావిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. చీర కొంగు ముడి విప్పి నస్యం డబ్బీ తీసింది. డబ్బీలో దూది, దూదిలో రూపాయి. 1939. డీలరు తూశాడు, సరిపోయింది. లెన్సుతో చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వెండి ధర చెప్పాడు.

"అదేంటండీ, మావాడు ఫోనులో చూసి చాలా వస్తుందన్నాడు" అంది.

"వస్తుందమ్మా, కాగితం ఉంటే వస్తుంది."

"కాగితం ఎక్కణ్ణుంచొస్తుందండీ. మా మావగారు దాచింది. సంతలో కొన్నది కాదు."

"మీరు అబద్ధం చెబుతున్నారని కాదమ్మా. నేనూ నమ్ముతాను. రేపు నా దగ్గర కొనేవాడికి మీ మావగారెవరో తెలియదు కదా."

ఆవిడ నా వంక చూసింది, పెద్దమనిషిలా కనిపించాను కాబోలు. నేనూ లెన్సు పెట్టి చూశాను. నా కంటికి ఆ తొమ్మిది నిజమైన తొమ్మిదే. అయినా నేను కొనలేదండీ. జేబులో అంత డబ్బు లేదన్నాను, అది సగమే నిజం. మిగతా సగం నా దిండు కింద పడుకున్న ఆ పోత నాణెం. ఆవిడ దూదిలో చుట్టి, డబ్బీ మూత పెట్టి, కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరో ఎక్కడో మూసలో వెండిలాంటిది పోసి బతికాడు. దాని ఖరీదు ఈవిడ కట్టింది.

దీనికి మందు అమెరికా వాళ్ళు కనిపెట్టారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అని రెండు కంపెనీలు వచ్చాయి. నాణెం పంపితే పరీక్ష చేసి, అసలేనని తేలితే గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, నంబరిచ్చి పంపుతారు. ఆ డబ్బాని స్లాబ్ అంటారు. ఇప్పుడు మన దగ్గరా వేలాల్లో స్లాబ్ నాణేలే ముందు పలుకుతున్నాయి. మంచిదే. కానీ డబ్బాలో ఉన్న నాణేనికి ఒక ధర, అదే నాణెం విడిగా ఉంటే ఇంకో ధర అయి కూర్చుంది. ఖరీదైన నాణెమైతే పరీక్ష ఖర్చు పెట్టుకోవచ్చు. రెండు మూడు వేలు చేసే నాణేనికి ఆ ఖర్చూ, పంపే ఖర్చూ పెడితే ఏం మిగులుతుంది? అది చెట్టుకీ చెందదు, పుట్టకీ చెందదు. ఇక దొంగలు ఊరుకుంటారా, డబ్బాలకే నకిలీలు చేస్తున్నారు. నంబరు కంపెనీ వాళ్ళ సైటులో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న నాణెమూ చేతిలో ఉన్న నాణెమూ ఒకటేనా అని గీత గీతా పోల్చుకోండి. నంబరు కలిస్తే సరిపోదు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి.

(సభలో ఒకరు: మా ఇంట్లో నిజాం చార్మినార్ రూపాయలు ఓ పాతికున్నాయండీ. మామూలువే. అలాంటివాటికి కూడా నకిలీలు చేస్తారా?)

చేస్తారండీ. ఇదివరకు చేసేవాళ్ళు కాదు, గిట్టుబాటు కాదు కాబట్టి. చార్మినార్ రూపాయిలో నూటికి దాదాపు 82 పాళ్ళు వెండి, తూకం 11 గ్రాముల పైచిలుకు. వెండి ధర పెరిగేకొద్దీ, అరుదు కాని నాణెం కూడా దొంగకి గిట్టుబాటయ్యే సరుకవుతుంది. తెల్లలోహంతో పోసి, పాతికో యాభయ్యో ఒక కట్టగా, పైన రెండు అసలువి పెట్టి అమ్ముతారు. మీవి ఇంట్లో తరాల నుంచి ఉన్నవైతే భయం లేదు. ఒక పని చెయ్యండి, ఎవరు దాచారు, ఎప్పటి నుంచి ఉన్నాయి అని ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఒక కాగితం మీద రాయించి ఫొటోలు తీసి పెట్టండి. తోమకండి. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమిన నాణేన్ని చూస్తే నాకు ఏడుపొస్తుంది. పాత రంగు కూడా ఒక సాక్ష్యమే.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. నకిలీల వల్ల సరుకు పెరిగింది, సరుకు పెరిగితే ధర తగ్గుతుంది, అంతే కదా అని. అంతే కాదండీ. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ ఇంగ్లండు తీరంలో, గుడ్‌విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగింది. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం బర్మింగ్‌హామ్‌లో కొట్టించిన రాగి కాసులున్నాయి, పది కాసుల బిళ్ళలు, ఇరవై కాసుల బిళ్ళలు, 1808 తేదీతో. అప్పటికి మన సర్కారు జిల్లాలు కూడా మద్రాసు కిందే కాబట్టి, మునగకుండా ఉంటే వాటిలో కొన్ని ఈ గోదావరి గట్టు మీదికీ వచ్చేవేమో. 1980లలో మునిగిన ఓడలోంచి వాటిని లక్షల కొద్దీ పైకి తీశారు. అన్నీ అసలువే. సరుకు ఒక్కసారిగా పెరిగింది. ఏం జరిగింది? అది ఓడ సరుకని అందరికీ తెలుసు, ఎక్కడిదో తెలుసు, ఓడ పేరుతోనే అమ్ముతారు. సముద్రపు నీళ్ళకి తినేసిన బిళ్ళ చవకగా దొరుకుతుంది, చిన్నపిల్లలు కొనుక్కుంటారు. నీళ్ళలో పడకుండా జనం చేతుల్లో తిరిగిన బిళ్ళకి కొనేవాళ్ళు దానికి వేరే ఉన్నారు. సరుకు ఎంతో తెలిస్తే బజారు సర్దుకుంటుంది. నకిలీల్లో ఆ లెక్క దొరకదు. మూసలో ఇవాళ పది పోశాడా, పదివేలు పోశాడా? రేపు ఇంకో పది పోస్తాడా?

ఇప్పుడు ఆంజనేయస్వామి కాసు గురించి చెప్పకపోతే మీరు నన్ను కిందికి దిగనివ్వరు. (నవ్వులు) ఈస్టిండియా కంపెనీ, 1818, ఒక వైపు హనుమంతుడో రామ పట్టాభిషేకమో, ఇంకో వైపు అర్ధణా అనో ఒక అణా అనో. మీలో కనీసం పదిమంది ఇళ్ళలో ఉంటుంది. అది నకిలీ కూడా కాదండీ. నకిలీ కావాలంటే అసలు ఉండాలి కదా! కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వెయ్యలేదు. పూజగదిలో పెట్టుకోవడానికి, తాయెత్తులాగా అమ్మడానికి ఎవరెవరో కొట్టించిన బిళ్ళలవి. అబద్ధానికి బలమెక్కడ వచ్చిందంటే, కంపెనీ వాళ్ళు మద్రాసులో 1807, 1808 ప్రాంతంలో వేసిన అర వరహా, పావు వరహా వెండి నాణేల మీద నిజంగానే గోపురమూ, విష్ణుమూర్తీ ఉన్నారు. తెలుగు అక్షరాలూ ఉన్నాయి. తెల్లవాడు దేవుడి బొమ్మ వేస్తాడా అని అడిగితే, వేశాడు అనే చెప్పాలి. ఆ నిజం నీడలో ఈ అబద్ధం పెరిగింది.

దాన్ని పట్టుకుని రైస్ పుల్లింగ్ అన్నారు. ఈ కాసుకి బియ్యపు గింజలు అతుక్కుంటాయట, ఇందులో ఇరిడియం ఉందట, విదేశీ కంపెనీ కోట్లిస్తుందట, ముందు పరీక్షకి కొన్ని లక్షలు కట్టాలట. గింజలకి ఇనుప రజను పట్టించి, కాసు వెనక అయస్కాంతం పెడితే ఎందుకు అతుక్కోవు? హైదరాబాదులోనూ, ఇటు మన జిల్లాల్లోనూ ఎన్ని కేసులు పెట్టారో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. పొలాలమ్మి కట్టినవాళ్ళున్నారు. పాత నాణేలు కొంటాం, కమీషన్ కట్టండి అని తన పేరు వాడుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది, మేము అలాంటి వ్యాపారం చెయ్యం, ఎవరికీ ఆ పని అప్పగించలేదు అని.

నా బాధ ఇంకొకటుంది. ఈ కాసుల మూలంగా కంపెనీ నాణెం అనగానే డీలర్లు మొహం తిప్పుకుంటున్నారు. రోజుకి పదిమంది కోట్లు వస్తాయని 1818 కాసు తెస్తుంటే, పదకొండో మనిషి నిజమైనది తెచ్చినా చూసే ఓపిక వాళ్ళకుండదు. 1794లో సర్కారు జిల్లాల కోసమే ఇంగ్లండులో యంత్రాల మీద కొట్టించి పంపిన రాగి బిళ్ళ ఉంది, దాని మీద రూపాయికి 48 అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మన ప్రాంతపు చరిత్ర అది. ఒకాయన దాన్ని ఒక కొట్టుకి తీసుకెళ్తే, బియ్యం బిళ్ళలు మేము తీసుకోం అని పైనుంచి కిందికి చూసి పంపించేశారట. మర్నాడు నాకు చూపించాడు. చక్కటి బిళ్ళ.

కొన్ని నకిలీలకి కాలం గడిచాక గౌరవం వస్తుంది, అదో విచిత్రం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి, ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. వాటిలో కొన్ని రోములో కొట్టినవి కావు, వాటిని చూసి ఇక్కడ చేసిన అనుకరణలు. అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది, లాటిన్ రానివాడు లాటిన్ గీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. రెండు వేల ఏళ్ళ నాటి దొంగసరుకో, కొరత తీర్చుకున్న ఏర్పాటో, ఏదైనా ఇవాళ పరిశోధకులకి అవే ముద్దు. జర్మనీలో బెకర్ అనేవాడు, 1830లో పోయాడు, ప్రాచీన నాణేలకి తనే అచ్చులు చెక్కి కొట్టేవాడు. కొత్తగా కనిపించకూడదని వాటిని ఇనుప రజనున్న పెట్టెలో వేసి, గుర్రబ్బండికి కట్టి ఊరంతా తిప్పేవాడట. ఇవాళ అతని అచ్చులు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి, అతని నకిలీలని నకిలీలుగానే డబ్బిచ్చి కొనేవాళ్ళున్నారు. కొన్నాళ్ళకి వాటికీ నకిలీలు వచ్చుంటాయి. (నవ్వులు)

అందుకే మోసం నాణెంలో ఉందని నేననను. మన ఆడవాళ్ళ కాసులపేరులో ఉన్న లక్ష్మి కాసులు ఎవరినీ మోసం చెయ్యడానికి చేసినవి కావు. బంగారు నాణెంలా కనిపించే నగ అది, కంసాలికి తెలుసు, కట్టుకున్నావిడకీ తెలుసు. పూజగదిలో పెట్టుకునే రాముడి బొమ్మ బిళ్ళ, రామటంకా కూడా అంతే. మూడో తరంలో ఎవరో ఆ కాసులపేరు తెగిపోయాక విడి కాసు పట్టుకొచ్చి, ఇది రాయల కాలం నాటి వరహా అంటారు. లోహం అదే, బొమ్మ అదే. మాట మారింది, అంతే.

ఇంకో ప్రశ్న. ఆ అబ్బాయి, చెప్పు బాబూ.

(సభలో ఒకరు: నకిలీ కొన్నామని తెలిశాక ఏం చెయ్యాలి సార్?)

కొన్న చోటికి వెళ్ళి అడుగు, రసీదు ఉంటే. రసీదు లేకుండా ఇకమీదట కొనకు. అడిగినా రాకపోతే ఉంచుకో. దాని మీద చెరిగిపోని గుర్తు పెట్టు. నేను నా 1939కి నాగలింగం చేత అంచు దగ్గర చిన్న కన్నం వేయించాను. ఇంకొకడికి అమ్మి నా డబ్బు రాబట్టుకుందామని ఒకసారి బుద్ధి పుట్టింది, అబద్ధమెందుకు. ఆ బుద్ధి పుట్టిన రోజే వెళ్ళి కన్నం వేయించాను.

సరే, టైము అయిపోయింది. నా రెండు రూపాయలూ ఎక్కడున్నాయి? ఆ, వస్తున్నాయి. ఏది నకిలీ? చేతులెత్తండి. ఈ నల్లబడినది అనేవాళ్ళు? పాతికమంది. ఈ మెరిసేది? అబ్బో, చాలామందే ఉన్నారు. ఎందుకమ్మా, ఏం చూశారు?

(సభలో ఒకరు: దాని వెనక కింద చిన్న చుక్క ఉందండీ, రెండోదానికి లేదు.)

శభాష్, బాగా చూశారు. ఇంకా?

(ఇంకొకరు: మోగిస్తే శబ్దం కొంచెం మొద్దుగా ఉంది. అంచు కూడా పలచగా అనిపించింది.)

ఆ చుక్క బొంబాయి టంకశాల గుర్తండీ. కలకత్తాలో వేసినవాటికి చుక్క ఉండదు. ఒకటి బొంబాయిది, ఒకటి కలకత్తాది. రెండూ అసలువే. మా నాన్నగారి పెట్టెలోవి, నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మొద్దుగా మోగిందీ, అంచు పలచగా ఉన్నదీ అన్నారు చూడండి, నేను నకిలీ అన్న మాట అనకుండా చేతికిచ్చి ఉంటే అవి మీకు వినపడేవీ కావు, కనపడేవీ కావు.

(వెనక వరసలోంచి ఒకరు: ఇప్పుడు రెండూ అసలువే అంటున్నారు. అదైనా నమ్మడమెలాగండీ?)

(నవ్వులు, చప్పట్లు)